ముట్టుకుంటే జిల్లుమనే బొమ్మ రైలు డబ్బా

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది బిట్రగుంట. మా తాతయ్య ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయనతో కలిసి పనిచేసిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన 1960ల్లో కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, తన పిల్లలు ఆడుకున్న రైలు సెట్టు మా నాన్నకి ఇచ్చి పోయారట. ఇంగ్లండులో చేసిన హార్న్‌బీ డబ్లో, మూడు పట్టాలది. ముప్పై ఏళ్ళుగా అటక మీదే పడి ఉంది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ దించాం. అప్పటినుంచీ మా తొమ్మిదేళ్ళ పాప దాన్ని వదలడం లేదు. ఇంజనూ పట్టాలూ బాగానే ఉన్నాయి. దాంతో వచ్చిన ఇనుప డబ్బాలోనే ట్రాన్స్‌ఫార్మరు, స్పీడు తిప్పే పిడి అన్నీ ఉన్నాయి. దాని మీద 200/250 వోల్టులు, 50 సైకిళ్ళు అని ఉంది. 12 వోల్టుల డీసీ, 15 వోల్టుల ఏసీ బయటికిస్తుంది. ప్లగ్గులో పెడితే బుయ్యిమని మోత. బండి నత్తలా కదిలి ఆగిపోతోంది. పది నిమిషాలకే డబ్బా వేడెక్కి ఏదో కుళ్ళు వాసన వస్తోంది. డబ్బా మీద చెయ్యి వేస్తే కాస్త జిల్లుమంటోంది కూడా. మా వీధి ఎలక్ట్రీషియన్ ‘వైరు మారిస్తే సరిపోద్ది మేడమ్’ అన్నాడు. నేను కావలిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, సోల్డరింగ్ వచ్చు. నేనే విప్పి బాగు చేసుకోవచ్చా? అమెరికాలో ఉన్న తమ్ముడు అక్కడి బొమ్మ రైళ్ళ కంపెనీ లయొనెల్ వాళ్ళ పాత ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పంపుతానంటున్నాడు. మా చిన్నాన్న దగ్గర ఇలాంటి డబ్బానే ఇంకోటి ఉంది, రెండూ కలిపితే బలం వస్తుందంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ప్లగ్గు పీకి, తీగని డబ్బాకే చుట్టేసి, మళ్ళీ అటకెక్కించి రండి. పాప చేతికి అందకూడదు. మిగతాది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

మోత, నత్తనడక, వేడి, వాసన, జిల్లు అని ఐదు జబ్బులు రాశారు. మొదటి నాలుగూ డబ్బాకొచ్చినవి. జిల్లు ఒక్కటే మనిషికొచ్చేది. దాన్ని మీరు చివర్లో, ‘కూడా’ అని తగిలించి, ‘కాస్త’ అని తగ్గించి రాశారు. నేను ముప్పై ఏళ్ళు సింగరాయకొండలో మోటార్లు వైండింగ్ చేశాను. షాపు గుమ్మం ఎక్కే ప్రతివాడూ ఇంతే. మోటారు మోత గురించి అరగంట చెప్పి, వెళ్ళేముందు ‘అప్పుడప్పుడూ షాకు కొడతా ఉంది లే’ అనేవాడు.

లాప్‌టాప్ ముట్టుకున్నా జిల్లుమంటుంది కదా అంటారేమో. అది వేరు. ఇప్పటి అడాప్టర్లలో రెండు వైపుల మధ్యా కావాలనే ఒక చిన్న కెపాసిటరు పెడతారు, దాంట్లోంచి వచ్చే కరెంటు మిల్లీ ఆంపియరులో ఏ కొంతో ఉంటుంది. మీ డబ్బా కాలంలో ఆ ఏర్పాటు లేదు. లోపల ఉన్నది రాగితీగ చుట్టలు, వాటి మధ్య పేర్చిన ఇనుప రేకులు (స్టాంపింగులు), ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ పళ్ళేలు, ఒక రెసిస్టెన్సు, అంతే. ఎర్తు లేని డబ్బా మీద వేలి వెనకవైపుతో మెల్లగా రాస్తే గరగరమన్నట్టు అనిపించడం ఉంది. కానీ మీరు చెయ్యి వేస్తేనే జిల్లుమంటోందన్నారు. దానికి నాకు తోచే కారణాలు రెండు. తీగ డబ్బాలోకి వెళ్ళేచోట రబ్బరు చీలి, దాని మీద దుమ్మూ ఉప్పుచెమ్మా చేరి కరెంటుకి దారి దొరికి ఉండాలి. అది వంద రూపాయల పని. లేదంటే చుట్టకీ ఇనుముకీ మధ్య ఉన్న కాగితం పోయి ఉండాలి. అదైతే పనే కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మరు పని అయిపోయినట్టు.

మీరు బోర్డు మీద 230 వచ్చే ప్రైమరీ, తక్కువ వోల్టులిచ్చే సెకండరీ అని రెండు చుట్టలు గీసి మధ్యలో ఖాళీ వదులుతారు కదా, నిజం డబ్బాలో ఆ ఖాళీ ఉండదు. వెంట్రుకంత సన్నటి తీగని వేల చుట్లు చుట్టి, దాని మీద నాలుగు పొరలు కాగితమో వార్నిష్ గుడ్డో చుట్టి, దాని మీదే లావుతీగ చుడతారు. గోడలోని 230కీ పట్టాల మీది 12కీ మధ్య సరిహద్దు అంతా ఆ కాగితమే. అరవై ఏళ్ళ కిందటి కాగితం. అందులో ముప్పై ఏళ్ళు మన అటక మీద కాగింది. రోహిణీ కార్తెలో బిట్రగుంట అటకంటే ఆవిరి ఇంజను ఫైర్‌బాక్సుకి తమ్ముడే. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు అదే కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. మళ్ళీ ఎండుతుంది, మళ్ళీ పీలుస్తుంది, ఆపైన సముద్రం గాలి. లివర్‌పూల్‌లో ఈ డబ్బా కట్టినవాళ్ళు వీటన్నిటికీ లెక్క కట్టి ఉండరు.

ఆ కాగితం డబ్బా వైపు చిల్లిపడితే డబ్బా ముట్టుకున్నవాళ్ళకి షాకు. సెకండరీ వైపు చిల్లిపడితే పట్టాల మీదికే 230 వస్తుంది. ఇంజను బాగానే తిరుగుతూ ఉండొచ్చు, ఏమీ తెలియదు. ఆ పట్టాల పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి బండి వచ్చేది చూసేది మీ పాపే. బిట్రగుంటలో పుట్టిన పిల్లలకి స్టేషన్లో పైన వేలాడే 25,000 వోల్టుల తీగ జోలికి పోకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మ రైలు దగ్గర ఆ భయం ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే ఇప్పటి బొమ్మలకి 24 వోల్టులు దాటకూడదనీ, లోపలి రెండు చుట్టల మధ్యా రెట్టింపు ఇన్సులేషన్ ఉండాలనీ కట్టడి పెట్టారు.

విప్పొచ్చా అని అడిగారు. విప్పొచ్చు. మీకు సోల్డరింగ్ వచ్చు, సర్క్యూటు అర్థమవుతుంది. ఎక్కడిదాకా అంటే, 12 వోల్టుల వైపు అంతా మీ రాజ్యం. 230 వైపు తీగ, ఎర్తు, ఫ్యూజు మార్చడం వరకూ మీరు చేయొచ్చు. చుట్ట జోలికి మాత్రం వెళ్ళకండి, దాన్ని పరీక్ష చేయించాలి తప్ప రిపేరు చేయకూడదు.

విప్పేముందు ప్లగ్గు సాకెట్లోంచి తీసి, మీ కళ్ళ ముందు టేబుల్ మీద పెట్టుకోండి. స్విచ్చి కట్టేస్తే చాలదు. నా మొదటి పెద్ద షాకు మోటారు వల్ల కాదు, ఒక రేడియో ఎలిమినేటరు (బ్యాటరీ బదులు గోడ కరెంటుతో రేడియో నడిపే డబ్బా) వల్ల తిన్నాను. గోడ స్విచ్చి కట్టే ఉంది. కానీ ఆ ఇంటి వైరింగు చేసినవాడు స్విచ్చిని ఫేజుకి బదులు న్యూట్రల్‌కి పెట్టాడు. స్విచ్చి ఆపినా ఎలిమినేటరులో ఫేజు ఉండనే ఉంది. మూడు రోజులు అన్నం ఎడమచేత్తో తిన్నాను. మా అమ్మ అందుకు తిట్టింది కూడా.

మూత తీశాక ఏదీ పీకకుండా ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసుకోండి. బల్లి ఎముకలు, బొద్దింక గుడ్లు, ఎలుక కొరికిన తీగలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మెత్తటి బ్రష్షుతో తుడవండి, నోటితో మాత్రం ఊదొద్దు. ఆ కాలపు సామాన్లలో వేడి తగిలేచోట ఆస్బెస్టాస్ అట్ట వాడిన రకాలు ఉన్నాయి. రెసిస్టెన్సు కింద బూడిద తెలుపు రంగులో పీచుపీచుగా అట్ట కనిపిస్తే గీకొద్దు, ఊదొద్దు, తడిగుడ్డ అద్ది అలా వదిలేయండి.

ఇప్పుడు తీగ. మీ వీధి అబ్బాయి చెప్పింది తప్పు కాదు, సగం నిజం. పాత రబ్బరు తీగని వేలితో వంచితే అప్పడంలా పెళపెళమంటుంది. దాన్ని నిస్సంకోచంగా మార్చాల్సిందే. కానీ మళ్ళీ రెండు తీగల వైరు వేస్తే పాత తప్పే కొత్తగా చేసినట్టు. ఇనుప డబ్బాకి ఎర్తు ఉండి తీరాలి. మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు, 0.75 చదరపు మిల్లీమీటర్లది, ఐఎస్ఐ గుర్తున్నది తీసుకోండి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అప్పట్లో ఇంగ్లండులోనూ ఇవే రంగులు, కాబట్టి పాత తీగతో పోల్చుకోవడం సులువు. ఆకుపచ్చ తీగకి లగ్గు వేసి, డబ్బా లోపల పెయింటు గీకి, పచ్చి ఇనుము మీద దానికంటూ వేరే స్క్రూతో బిగించండి. ఆ తీగని మిగతా రెండింటికన్నా ఒక అంగుళం పొడుగు వదలండి. ఎవరైనా వైరు పట్టి లాగితే ఫేజూ న్యూట్రలూ ముందు ఊడి, ఎర్తు ఆఖరున ఊడాలి. వైరు డబ్బాలోకి వెళ్ళే కన్నానికి రబ్బరు గ్రామెట్, లోపల కదలకుండా ఒక క్లాంపు.

మీ సెట్టులో ట్యూబులాంటి ప్లగ్గు ఒకటి ఉంటే, బల్బు హోల్డరులో తిప్పి పెట్టేది, దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి గానీ వాడకండి. ఆ రోజుల్లో ఇంగ్లండు ఇళ్ళలో సాకెట్లు తక్కువ. ఇస్త్రీపెట్టెలూ బొమ్మ రైళ్ళూ దీపం హోల్డరులోంచే నడిపేవాళ్ళు. హోల్డరుకి ఎర్తు ఎక్కడిది? గుండ్రటి మూడు కాళ్ళ ప్లగ్గు ఉంటే అది మన సాకెట్లో చక్కగా పడుతుంది, ఎందుకంటే మనం ఇప్పటికీ వాడుతున్నది ఇంగ్లండు వాళ్ళ ఆ పాత పద్ధతినే.

మీ సాకెట్లో మూడో కన్నానికి నిజంగా ఎర్తు ఉందా? పాత ఇళ్ళలో ఆ కన్నం అలంకారానికే ఉంటుంది. మల్టీమీటరుతో ఫేజుకీ ఎర్తుకీ మధ్య చూస్తే 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులే రావాలి. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతుంది, రెండు బిందెల నీళ్ళు పోస్తూ ఉండండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పసిగట్టి లైను ఆపేసే స్విచ్చి, లేకపోతే, రైలు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి. నియాన్ టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకునే అలవాటుంటే మానుకోండి.

తీగ మార్చారు కదా అని ఇంకా ప్లగ్గు పెట్టొద్దు. డబ్బాని ఎండబెట్టాలి. మేం షాపులో చేసే పద్ధతి చెప్తాను. పెద్ద అట్టపెట్టెలో డబ్బా మూత తీసి పెట్టి, ఒక మూల 40 వాట్ల తీగ బల్బు, అట్టకి ఏ వైపూ తగలకుండా, పైన గాలి పోవడానికి కన్నాలు. ఒక పగలంతా ఉంచండి, మనిషి ఇంట్లో ఉన్నప్పుడే. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, దానికి వేడి లేదు.

ఆరాక దాన్ని కావలిలో ఏదైనా మోటార్ వైండింగ్ షాపుకి తీసుకెళ్ళండి. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన వైపు ఆ షాపులకి కొదవలేదు, ఏరియేటరు మోటార్లు వానాకాలం అంతా వాళ్ళ గుమ్మంలోనే ఉంటాయి. ‘బాగు చెయ్యండి’ అనొద్దు. బాగు చెయ్యమంటే బాగు చేసేస్తారు. ‘500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడండి’ అనండి. ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు అది. మెయిన్ తీగలు రెండూ కలిపి ఒక కొస, డబ్బా ఇనుము ఇంకో కొస. తర్వాత మెయిన్ తీగలు ఒక కొస, బయటికొచ్చే టెర్మినళ్ళన్నీ కలిపి ఇంకో కొస. ఈ రెండో కొలత వాళ్ళకి అలవాటుండదు, మోటారుకి అది ఉండదు కాబట్టి. మీరు పట్టుబట్టి చేయించాలి.

అంకె మెగా ఓమ్‌లలో వస్తుంది. ‘ఒకటి దాటింది మేడమ్, ఓకే’ అంటారు. పొలంలో పంపుసెట్టుకి ఒకటి ఓకే. ఆరోగ్యంగా ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు వందకి పైన చూపిస్తుంది. నా లెక్క ఇది, కాస్త కఠినమే: వంద దాటితే ముందుకి వెళ్ళండి. వందలోపు వస్తే ఇంకో రోజు ఎండబెట్టి మళ్ళీ చూడండి. అప్పటికీ దాటకపోతే ఆ చుట్టకి మళ్ళీ 230 చూపించొద్దు. పిల్ల బొమ్మకి నేను బేరం ఆడను.

వంద దాటిందనుకుందాం. ఇప్పుడు ఫేజు తీగలో ఒక గాజు ఫ్యూజు, 250 మిల్లీ ఆంపియర్లది, నెమ్మదిగా కాలే రకం. దీనికి లెక్క మీరే వేసుకోగలరు. ఇలాంటి డబ్బా 20 వాట్లు లాగుతుందనుకోండి, 230తో భాగిస్తే ఆంపియరులో పదో వంతు కూడా లేదు. మీ గోడ వెనక 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చి, ఉంటుంది. చుట్ట మాడి పొగ వచ్చినా అది పడదు, అది కాపాడేది గోడలోని తీగని, డబ్బాని కాదు.

తర్వాత సిరీస్ బోర్డు. ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది: ఒక హోల్డరు, ఒక సాకెట్టు, రెండూ సిరీస్‌లో. హోల్డరులో 40 వాట్ల తీగ బల్బు పెట్టి, బయటి టెర్మినళ్ళకి ఏమీ తగిలించకుండా డబ్బాని సాకెట్లో పెట్టండి. బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోవాలి, లేదా లోపల తీగ ఎర్రగా కనిపించీ కనిపించకుండా ఉండాలి. కళకళలాడుతూ వెలిగితే లోపల చుట్లు ఒకదానికొకటి షార్టు అయినట్టు, ఆట ముగిసింది. బాగుంటే బల్బు తీసేసి గంటసేపు నేరుగా నడపండి. గంటయ్యాక ప్లగ్గు పీకి, పీకాకే, చుట్ట మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి హాయిగా ఆనించగలిగితే మంచిది. మోత సంగతి అడిగారు. స్టాంపింగులు వదులైతే మోత వస్తుంది, నట్లు బిగించి కాస్త వార్నిష్ పోస్తే తగ్గుతుంది. చెవికి బాధే గానీ ప్రాణానికి కాదు.

ఇక వాసన, నత్తనడక. ఇది నాకు ఇష్టమైన భాగం. డబ్బాలో చదరపు రేకులు ఒకదాని వెనక ఒకటి, వాటి మధ్య సందులతో, ఒక బోల్టుకి గుచ్చినట్టు కనిపిస్తాయి. అది సెలీనియం రెక్టిఫయర్. ఏసీని డీసీ చేసేది అదే. వయసు మీద పడితే దాని రెసిస్టెన్సు పెరుగుతుంది. 12 వోల్టులు బయటికి రాకముందే కొంత అదే మింగేస్తుంది, మింగినదంతా వేడి. బండి నడవదు, డబ్బా కాగుతుంది, మీరు చెప్పినవే. మాడినప్పుడు కుళ్ళిన వెల్లుల్లి, కుళ్ళిన ముల్లంగి కలిపినట్టు వాసన. ఒక్కసారి వస్తే జన్మలో మర్చిపోరు. ఆ పొగ విషం. మళ్ళీ ఆ వాసన వస్తే ప్లగ్గు పీకి, కిటికీలు తెరిచి, పాపని తీసుకుని బయటికి వెళ్ళండి. రేకుల్ని రంపంతో కోయడం, గీకడం వద్దు.

దాని బదులు నాలుగు కాళ్ళ సిలికాన్ బ్రిడ్జి వేయండి, 4 ఆంపియర్లది. టీ తాగిన ఖర్చులో వస్తుంది. సెలీనియానికి వచ్చే తీగలు విప్పి బ్రిడ్జికి సోల్డరు చేయండి. పాత రేకుల బొత్తి కాలి ఉండకపోతే కనెక్షను లేకుండా అక్కడే ఉండనివ్వండి, డబ్బా రూపం చెడదు. కాలి ఉంటే తీసి కవరులో కట్టి ఈ వేస్టులో ఇవ్వండి, చెత్తబండిలో కాదు. ఒక తిరకాసు ఉంది. సిలికాన్ తక్కువ మింగుతుంది కాబట్టి వోల్టేజి ఒకటి రెండు ఎక్కువ వస్తుంది, బండి ఎగురుకుంటూ పోతుంది. వరసగా రెండు డయోడ్లు వేస్తే 1.4 వోల్టులు తగ్గుతుంది. ఇంకో తిరకాసు అసలైనది. సెలీనియం తన రెసిస్టెన్సుతో షార్టు కరెంటుకి కాస్త కళ్ళెం వేసేది. సిలికాన్ వెయ్యదు. బండి పట్టాలు తప్పి నడిమి పట్టా, పక్క పట్టా కలిసిపోతే, షార్టు అయితే కరెంటు ఆపాల్సిన డబ్బాలోని పాత కటౌట్ తేరుకునేలోపు రెసిస్టెన్సు ఎర్రబడుతుంది.

దీనికి మీ క్లాసులో కూడా చూపించదగ్గ ఉపాయం ఒకటి. కార్ల సామాన్ల షాపులో 12 వోల్టుల, 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కొని, పట్టాలకి వెళ్ళే తీగలో సిరీస్‌గా వేయండి. బండి మామూలుగా నడిచేటప్పుడు ఫిలమెంటు చల్లగా ఉండి దాదాపు ఏమీ అడ్డుపడదు. షార్టు అయ్యిందా, భగ్గున వెలిగి కరెంటుని ఆంపియరున్నర, రెండు మధ్య ఆపేస్తుంది. బండి పడిపోయిందని పాపకి సిగ్నలు, డబ్బాకి రక్ష. రెసిస్టెన్సు మీద జరిగే పిడిని, అది తగిలే తీగ చుట్టని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. ఉప్పుకాగితం వద్దు, తీగ సన్నబడుతుంది.

మెగ్గర్ దగ్గర తప్పితే? నేను వైండింగ్ వాణ్ణి కాబట్టి ‘కొత్తగా చుట్టించండి’ అంటానని అనుకుంటున్నారేమో. అనను. మన షాపుల్లో చుడతారు, నేనూ చుట్టాను, ప్రైమరీ మీద ఒక లెదరాయిడ్ కాగితం వేసి దాని మీద సెకండరీ. స్టెబిలైజరుకి అది చాలు. పిల్ల చెయ్యి పడే పట్టాలకి చాలదు. దానికన్నా సుఖమైన దారి ఉంది. సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల 2 ఆంపియర్ల డీసీ అడాప్టరు ఒకటి, మంచి కంపెనీది, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరూ చతురస్రంలో చతురస్రం గుర్తూ ఉన్నది తీసుకోండి. ఆ చతురస్రాలంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ అని. పాత డబ్బాలో ట్రాన్స్‌ఫార్మరు కనెక్షన్లు పూర్తిగా విప్పేసి, రెక్టిఫయర్ నుంచి డీసీ వెళ్ళే చోట ఈ అడాప్టరు తీగలు కలపండి. రెసిస్టెన్సు, ముందుకీ వెనక్కీ మార్చే స్విచ్చి, పిడి, అన్నీ పాతవే పనిచేస్తాయి. 230 ఆ డబ్బా గడప తొక్కదు. పాత మెయిన్ తీగని మొదలంటా కోసి పారేయండి, లేకపోతే ఇంకో పదేళ్ళకి ఇంకెవరో దాన్ని గోడకి పెడతారు. బ్రేక్ లైటు బల్బు దీనికీ ఉండాలి. ఈ అడాప్టరుతో, నేను ముందు చెప్పిన లాప్‌టాప్ జిల్లు ఏమూలో తెలిస్తే తెలియొచ్చు, కంగారు పడకండి. బండి కదిలేటప్పుడు పాత పద్ధతిలో ఉన్నంత మెత్తదనం రాకపోవచ్చు, అదొక్కటే లోటు.

నిజం చెప్పమంటే, మెగ్గర్ వంద దాటినా మీ ఇంటికి నేను ఈ రెండో దారే చెప్తాను. ట్రాన్స్‌ఫార్మరు బాగున్న రోజున మీరొక్కరే కూర్చుని, పాత మోతతో నడుపుకోండి. పాప నడిపే రోజున అడాప్టరు.

తమ్ముడిని ఆ లయొనెల్ పంపొద్దనండి. అక్కడి కరెంటు 115 వోల్టులు, 60 సైకిళ్ళు. మన గోడకి పెడితే ఇనుము అయస్కాంతంతో నిండిపోయి, కరెంటు వరదలా పారి, నిమిషాల్లో మాడుతుంది. స్టెప్‌డౌన్ పెట్టి 115 ఇచ్చినా మన 50 సైకిళ్ళకి అది ఎక్కువే, నిష్పత్తి వేస్తే 96 దగ్గర తేలుతుంది. ఇవన్నీ సర్దుకున్నా అది ఇచ్చేది ఏసీ. మీ డబ్లో ఇంజనులో ఉన్నది శాశ్వత అయస్కాంతం, దానికి డీసీ కావాలి. ఏసీ ఇస్తే అక్కడే నిలబడి గజగజ వణుకుతూ వేడెక్కుతుంది. ఆ డబ్బులతో పాపకి ఇంకో పెట్టె కొనమనండి.

చిన్నాన్నగారి మాట మాత్రం అస్సలు వినొద్దు, ఆయన మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను. రెండు డబ్బాల 15 వోల్టుల ఏసీ కొసలు కలిపితే బలం రాదు. ఫేజు ఎదురెదురైతే 30 వోల్టుల షార్టు, రెండూ మాడతాయి. సరిగ్గా కుదిరితే ఇంకా ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులా నడుస్తుందని మీకు నేను చెప్పాలా? ఒక డబ్బా ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్నారనుకోండి. రెండో డబ్బా నుంచి వచ్చే 15 వోల్టులు దీని సెకండరీలోకి పోయి, ప్రైమరీలో మళ్ళీ రెండొందల పైచిలుకు అయ్యి, మీ చేతిలో ఉన్న ప్లగ్గు కాళ్ళ మీదికి వస్తుంది. గోడకి దూరంగా, గాల్లో ఉన్న ప్లగ్గు. దాన్ని ఎవరు అనుమానిస్తారు? రెండో డబ్బా కావాలంటే వేరే పట్టాల లూపుకి, దీనితో ఒక్క తీగ కూడా కలవకుండా వాడుకోండి. అదీ ఈ మెగ్గర్ పరీక్షలన్నీ దానికీ చేశాకే.

మెగ్గర్ అంకెలు రెండూ, డబ్బా లోపలి ఫోటో ఒకటీ పంపండి, బ్రిడ్జి ఎక్కడ పెట్టాలో గీసి పంపుతాను. ఈలోపు పట్టాలు స్పిరిట్‌తో తుడిచి, ఇంజను ఇరుసులకి కుట్టుమిషను నూనె సూదిమొనతో ఒక్కొక్క చుక్క వేయండి. ఒక్క చుక్కే. తాతయ్యగారు నూనె డబ్బా ముక్కు వంచి పోసింది పెద్ద ఇంజన్లకి.